పంటు మీద అరిచి చెప్పిన సంతకం

సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు ఎక్కాక ఫోన్ మాట్లాడటం అంత తేలిక కాదు. ఇంజిను మోత, బైకుల హారన్లు, వశిష్ఠ గోదావరి మీద గాలి. ఆ రోజు నా పక్కన నిలబడ్డ పెద్దాయన మాత్రం పట్టుదలగా మాట్లాడుతున్నారు. భుజం మీద తువ్వాలు, చేతిలో ఎరువుల సంచీతో కుట్టిన చేతిసంచీ. "ఆయ్, వచ్చిందండి, చెప్పమంటారా?" అని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, మెసేజ్ చూసి ఆరు అంకెలు చదివారు. అవతలివాళ్లకి వినపడలేదు. మళ్లీ చదివారు, ఈసారి అరిచి. పంటు మీదున్న వాళ్లందరికీ వినపడింది.

"దేనికండీ ఆ ఓటీపీ?" అని అడిగాను.

"ఏదో కాగితం మీద ఆన్‌లైన్ సంతకం అంటండి. వాళ్లే పెట్టేసుకుంటారంట. మనం నెంబరు చెబితే చాలంట."

నరసాపురం ఒడ్డు తగిలేలోపు ఆయనకు చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల వ్యాపారాలకు జీఎస్టీ, ఇన్‌కంటాక్స్ పనులు చూస్తుంటాను. లేసు ఎగుమతిదారులు, రొయ్యల చెరువులవాళ్లు, కొబ్బరి వర్తకులు. ఒకప్పుడు వాళ్లు నా దగ్గరకు కాగితం తెచ్చారంటే నిజంగా కాగితమే. ఇప్పుడు ఫోన్ తెచ్చి చూపిస్తున్నారు. "దీని మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టెయ్యనా?" అడిగేది అందరూ ఒకేలా అడుగుతారు గానీ, దాని వెనక రెండు వేర్వేరు మోసాలున్నాయి. ఒక రకం దొంగకు మీ సంతకమే కావాలి. రెండో రకం దొంగకు సంతకం అక్కర్లేదు, సంతకం వంక పెట్టి మీ తాళంచెవి కొట్టేయాలి. రెండింటినీ ఒకే గాటన కట్టి "లింకులు నొక్కకండి" అని తేల్చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎందుకంటే ఇప్పుడు అసలు బ్యాంకులు కూడా లింకులే పంపుతున్నాయి.

ముందు సంతకమే కావాల్సిన దొంగ సంగతి.

మన వైపు ప్రోనోటు తెలియని ఇల్లుండదు. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీదుగా సంతకం. ఖాళీ నోటు మీద సంతకం పెట్టించుకుని తర్వాత తనకు తోచిన అంకె వేసుకున్న కథలు ఏ ఊళ్లో చూసినా ఒకటో రెండో ఉంటాయి. ఆధార్ ఈ-సైన్‌కి, అంటే ఆధార్‌తో పెట్టే ఆన్‌లైన్ సంతకానికి, వచ్చిన ఓటీపీని ఫోన్లో చెప్పడం సరిగ్గా అదే పని. నోటు అవతలివాడి దగ్గరుంది. దాని మీద ఎంత రాసి ఉందో మీరు చూడలేదు. సంతకం మాత్రం మీది.

ఇది పోలిక కోసం చెబుతున్న మాట కాదు, చట్టం కూడా అలాగే చూస్తుంది. 2000 నాటి ఐటీ చట్టం (ఇన్‌కంటాక్స్‌ది కాదు, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీది) ఎలక్ట్రానిక్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. 2015 జనవరిలో వచ్చిన నిబంధనలతో ఆధార్ ఆధారంగా చేసే ఈ-సైన్ కూడా అందులో చేరింది. అది జరిగే తీరు ఇలా ఉంటుంది. కాగితం పీడీఎఫ్ రూపంలో ఒక వెబ్‌సైట్‌లో ఉంటుంది. మీ ఆధార్ నెంబరో, దాని బదులు వాడే 16 అంకెల వీఐడీనో వేస్తారు. ఒప్పుకుంటున్నానని గడిలో టిక్ పెడతారు. ఆధార్‌కు లింకైన ఫోన్‌కి ఓటీపీ వస్తుంది. అది వేయగానే, ప్రభుత్వ లైసెన్సున్న సర్టిఫైయింగ్ అథారిటీ మీ పేరున అప్పటికప్పుడు ఒక డిజిటల్ సర్టిఫికెట్ పుట్టించి, దాంతో ఆ పీడీఎఫ్ మీద సంతకం వేసి, ఆ సంతకానికి వాడిన రహస్య సంకేతాన్ని చెరిపేస్తుంది. ఆ సర్టిఫికెట్ ఆయుష్షు మహా అయితే అరగంట. సంతకం మాత్రం ఎప్పటికీ ఉండిపోతుంది.

ఇందులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. సంతకం చేసిపెట్టే సంస్థకు కాగితం మొత్తం వెళ్లదు. ఆ కాగితం నుంచి లెక్కగట్టిన ఒక పొడవాటి అక్షరాల, అంకెల వరస వెళ్తుంది. దాన్ని హాష్ అంటారు. అక్షరం మారితే హాష్ మారిపోతుంది కాబట్టి తర్వాత ఎవరైనా కాగితాన్ని దిద్దితే బయటపడుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఓటీపీ పంపే ఆధార్ సంస్థకు ఆ కాగితంలో ఏముందో తెలిసే వీలు లేదు. అందుకే మీకొచ్చే ఎస్ఎంఎస్‌లో "ఇది రెండు లక్షల అప్పు పత్రం" అని ఉండదు. ఏ కాగితం మీద పడుతోందో చెప్పకుండా వచ్చే సంతకం అది. కాగితాన్ని మీ కళ్లతో, మీ ఫోన్లో, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చూడటం ఒక్కటే మీ చేతిలో ఉన్న రక్షణ. "వాళ్లే పెట్టేసుకుంటారంట" అన్న చోటే ఆ రక్షణ పోయింది.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూర్చునే రైటర్‌గారు దస్తావేజు రాసి, సంతకాలకు ముందు పైకి చదివి వినిపించేవారు. ఎవరి బలవంతమూ లేకుండా ఇష్టపూర్వకంగా రాయించిన పత్రమని చివర్లో ఒక మాట ఉండేది. పాత చాదస్తం అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఈ-సైన్ పేజీలో ఆ చిన్న టిక్ గడి చూసినప్పుడల్లా రైటర్‌గారు గుర్తొస్తారు. చదివి వినిపించే మనిషిని తీసేసి, విన్నట్టు ఒప్పుకునే గడిని మాత్రం ఉంచారు.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న: "ఓటీపీ చెబితే పొలం రాసేసుకుంటారా?" అలా జరగదు. ఈ మధ్య వాట్సాప్‌లో తిరిగే భయాల్లో ఇదొకటి. వంద రూపాయలకు పైబడిన స్థిరాస్తి అమ్మకం ఏదైనా 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు కావాల్సిందే. ఫోన్లో చెప్పిన ఓటీపీతో హక్కు చేతులు మారదు. వీలునామాకైతే ఐటీ చట్టమే వర్తించదు. దానికి ఇద్దరు సాక్షుల ముందు చేతితో చేసిన సంతకం ఉండాలి. మామూలు పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఆ చట్టం బయటే ఉంది, బ్యాంకులూ బ్రోకర్లూ లాంటి నియంత్రణలో ఉన్న సంస్థలకు ఇచ్చేవి తప్ప. కువైట్‌లోనో, దుబాయ్‌లోనో ఉన్న కొడుకు "జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఆన్‌లైన్‌లో సైన్ చేసి పంపాను, దాంతో అమ్మేయండి" అంటే ఆ కాగితంతో పని జరగదు. విదేశంలో రాసిన పవర్‌కి అక్కడి భారత కాన్సులేట్‌లోనో, నోటరీ దగ్గరో ధ్రువీకరణ కావాలి. మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. అలాంటి కాగితం మెయిల్లో ఊడిపడి "అడ్వాన్స్ కట్టండి" అంటోందంటే కాగితాన్నే అనుమానించాలి.

మరి ఓటీపీ సంతకంతో ఏం చేయగలరు? అప్పు తీసుకోగలరు. 2022లో వచ్చిన సవరణతో బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు రాసే ప్రోనోట్లు కూడా ఎలక్ట్రానిక్‌గా చెల్లుతున్నాయి. షేర్లు ఉంచుకునే డీమ్యాట్ ఖాతా తెరవచ్చు, నెలనెలా డబ్బు కోసుకునే ఈ-మ్యాండేట్ పెట్టించవచ్చు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం డిజిటల్ అప్పు సొమ్ము అప్పు తీసుకున్నవాడి ఖాతాలోనే పడాలి. కాబట్టి దొంగ ఆ డబ్బును నేరుగా తన ఖాతాలో వేసుకోలేడు. అందుకే రెండో అంకం ఉంటుంది. "పొరపాటున మీ ఖాతాలో డబ్బు పడిందండి, దయచేసి ఈ నెంబరుకు తిప్పి పంపండి." నిజాయితీపరుడైన మనిషి వెంటనే పంపేస్తాడు. అప్పు ఆయన పేరున మిగులుతుంది. ఈ మోసంలో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే: ఆశపడ్డవాడికన్నా, పరాయి సొమ్ము మనకెందుకు అనుకున్నవాడే ఇందులో త్వరగా పడతాడు. తెలియని డబ్బు పడితే మీరు తిప్పి పంపొద్దు, బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పండి, వాళ్లు తిప్పుతారు.

నిజమైన అప్పు కాగితంలో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక పట్టిక ఉంటుంది. ఎంత అప్పు, ఏడాదికి మొత్తం ఎంత శాతం పడుతుంది, ఎన్ని వాయిదాలు, అన్నీ ఒకచోట. అది లేని పీడీఎఫ్ మీద సంతకం అడిగితే అక్కడే ఆగిపోవాలి. ఇప్పటికే మీ పేరున ఏదైనా జరిగిందేమో చూసుకోవడానికి దారులున్నాయి. మైఆధార్ వెబ్‌సైట్‌లో మీ ఆధార్‌ను గత ఆరు నెలల్లో ఎప్పుడెప్పుడు వాడారో కనపడుతుంది. సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ సంస్థలూ ఏడాదికొకసారి పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. మీకు తెలియని అప్పు ఉంటే అందులో బయటపడుతుంది. ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకున్నాం కదా, ఇంకేం భయం అనేవాళ్లున్నారు. ఆ లాక్ వేలిముద్రను ఆపుతుంది, ఓటీపీని ఆపదు. దానికి ముందుగా వీఐడీ తెచ్చుకుని, ఆధార్ నెంబరునే లాక్ చేసుకోవాలి.

ఇక తాళంచెవి దొంగ. వీడు ఇంకా తెలివైనవాడు, ఓపిక కూడా ఎక్కువ.

నరసాపురం లేసు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లినవి సముద్రాలు దాటి పోతాయి. ఆ ఎగుమతులు చేసే ఒకాయనకు ఓ మధ్యాహ్నం మెయిల్ వచ్చింది. ఎన్నో ఏళ్లుగా సరుకు కొంటున్న విదేశీ కంపెనీ పేరుతో. "సప్లై అగ్రిమెంట్‌లో చిన్న సవరణ, చూసి సంతకం చేయండి." కింద పసుపు రంగు బటన్. ఆయనకిది కొత్త కాదు, ఆ కొనుగోలుదారు డాక్యుసైన్ అనే ఆన్‌లైన్ సంతకాల వెబ్‌సైట్ ద్వారానే కాగితాలు పంపుతుంటాడు. బటన్ నొక్కితే మెయిల్ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టారు. తప్పు అంది. ఇంకోసారి కొట్టారు. ఈసారి ఏదో పీడీఎఫ్ తెరుచుకుంది, సంబంధం లేని రెండు పేజీలు. తప్పు కాగితం పంపారేమో అనుకుని మూసేశారు.

ఆ మొదటి "తప్పు" కూడా నాటకమే. పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టారో లేదో రూఢి చేసుకోవడానికి దొంగలు రెండుసార్లు కొట్టిస్తారు. తర్వాత ఆరు వారాలు ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదని ఆయన అనుకున్నారు. ఆ ఆరు వారాలూ దొంగ ఆయన మెయిల్లోనే కూర్చుని ఉత్తరాలు చదివాడు. ఎవరు ఎలా రాస్తారు, ఎవరిని ఏమని పిలుస్తారు, కంటైనర్ ఎప్పుడు కదులుతుంది. కొనుగోలుదారు నుంచి వచ్చే మెయిల్స్ ఇన్‌బాక్స్‌లో పడకుండా వేరే ఫోల్డర్‌లోకి పోయేలా ఒక ఫిల్టర్ పెట్టాడు. బిల్లు వెళ్లాల్సిన రోజున, ఈయన మెయిల్ నుంచే, ఈయన ధోరణిలోనే, "మా ఖాతాకు ఆడిట్ జరుగుతోంది, ఈసారికి ఈ ఖాతాలో వేయండి" అని రాశాడు. అవతలివాళ్లు వేశారు. సరుకు ఓడ ఎక్కాక గానీ విషయం బయటపడలేదు.

ఆ కేసు కాగితాలు నేను చూశాను. నన్ను ఆపిన సంగతి ఏమిటంటే, మోసంలో ఎక్కడా ఆయన సంతకం లేదు. సంతకం చేయమన్నారు, ఆయన చేయలేదు కూడా. పోయింది పాస్‌వర్డ్.

కాబట్టి సంతకానికి రమ్మన్న పేజీ మీ మెయిల్ పాస్‌వర్డ్ అడిగిందంటే అక్కడికక్కడే లేచిపోవాలి. పత్రం చూడటానికి పంపినవాడి వెబ్‌సైట్‌కి మీ మెయిల్ పాస్‌వర్డ్‌తో పనేమిటి? డాక్యుసైన్ విషయంలో ఇంకో సురక్షితమైన దారి ఉంది. అసలు మెయిల్ అయితే కింద ఒక పొడవాటి సెక్యూరిటీ కోడ్ ఉంటుంది. బటన్ నొక్కకుండా, బ్రౌజర్లో మీరే డాక్యుసైన్ వెబ్‌సైట్ తెరిచి, పత్రాలు చూసే చోట ఆ కోడ్ వేయాలి. పత్రం నిజంగా ఉంటే అక్కడ కనపడుతుంది. సంతకం కోరుతూ వచ్చే డాక్యుసైన్ మెయిల్‌కి ఫైలు జతచేసి ఉండదు, అందరూ సంతకాలు చేశాకే పీడీఎఫ్ వస్తుంది. కాబట్టి ఫైలు జతచేసి "తెరిచి సంతకం చేయండి" అంటే అది వాళ్ల మెయిల్ కాదు. అందులో క్యూఆర్ కోడ్ పెట్టి ఫోన్‌తో స్కాన్ చేయమంటే మరీ కాదు. ఆఫీసు కంప్యూటర్లో ఉండే రక్షణ దాటించి మిమ్మల్ని ఫోన్‌లోకి తోలడానికే ఆ ఎత్తు.

వెబ్ చిరునామా చదవడం చాలామందికి రాదు, నేర్పించేవాళ్లూ తక్కువ. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. వెబ్ చిరునామాలో ఇంటిపేరు వెనక ఉంటుంది, అంతే తేడా. మొదటి ఏటవాలు గీతకు ముందున్న భాగం చూడండి. దాన్ని కుడి నుంచి ఎడమకు చదవండి. చివరి రెండు ముక్కలే సాధారణంగా ఇంటిపేరు. "డాక్యుసైన్ డాట్ కామ్ డాట్ సెక్యూర్-ఫైల్ డాట్ టాప్" అని ఉంటే ఆ ఇంటిపేరు సెక్యూర్-ఫైల్ డాట్ టాప్. ముందున్న డాక్యుసైన్ వాడు పెట్టుకున్న ముద్దుపేరు. మన బ్యాంకులకు ఇది కొంచెం తేలికైంది. రిజర్వు బ్యాంకు చెప్పిన మీదట 2025 అక్టోబరు ఆఖరుకల్లా బ్యాంకులు తమ వెబ్‌సైట్లను "బ్యాంక్ డాట్ ఇన్"తో ముగిసే చిరునామాల్లోకి మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఇంటిపేరు బ్యాంకులకు తప్ప వేరేవాళ్లకు ఇవ్వరు.

అయితే చిరునామా సరిగ్గా ఉందని గుండె మీద చెయ్యి వేసుకుని పడుకోవడానికీ లేదు. దొంగలు అసలైన డాక్యుసైన్‌లోనే ఖాతా తీసుకుని, అందులోంచే దొంగ బిల్లులు పంపిన సంగతి 2024లో బయటపడింది. గూగుల్ డ్రైవ్‌తోనూ ఇదే పని చేస్తారు. మెయిల్ అసలుదే, లింకూ అసలుదే, చిరునామా పరీక్షలన్నీ పాసవుతుంది. పోస్ట్‌మ్యాన్ నిజమైనవాడే, ఉత్తరమే దొంగది. అందుకే చివరికి మిగిలే పరీక్ష ఒకటే: ఈ కాగితం నేను అడిగానా? అడగకపోతే, పంపినట్టు చెబుతున్న మనిషికి నేనే ఫోన్ చేయాలి. మెయిల్లో ఉన్న నెంబరుకు కాదు. నా ఫోన్లో పాతదిగా ఉన్న నెంబరుకు, లేదా పాత బిల్లు మీద ఉన్నదానికి. ఖాతా నెంబరు మారిందని రాస్తే ఎంత పాత కొనుగోలుదారైనా, ఎంత మొహమాటమైనా, గొంతు వినకుండా మార్చకూడదు. ఆ లేసు వ్యాపారి ఇప్పుడు తన బిల్లుల కింద ఒక వాక్యం అచ్చు వేయిస్తున్నారు: మా బ్యాంకు ఖాతా మారితే మెయిల్లో చెప్పం, ఫోన్ చేసి చెబుతాం.

చెప్పుకోవడానికి సిగ్గే గానీ, నేనూ ఒకసారి సగం దాకా వెళ్లాను. రిటర్నుల ఆఖరి వారం, రాత్రి పదకొండు. ఒక క్లయింటు పేరు మీద "నోటీసు, సంతకం అవసరం" అని మెయిల్. నొక్కాను. లాగిన్ పేజీ వచ్చింది, అచ్చం అసలుదే. మామూలుగా నేను గడిలో వేలు పెట్టగానే ఫోన్ దాచుకున్న పాస్‌వర్డ్ చూపిస్తుంది. ఆ రోజు చూపించలేదు. విసుక్కుంటూ చేత్తో కొట్టడం మొదలుపెట్టాను, నాలుగు అక్షరాలు పడ్డాక వేలు ఆగింది. దాచిన పాస్‌వర్డ్ ఫోన్‌కి పేజీ అందం చూసి గుర్తురాదు, చిరునామా చూసి గుర్తొస్తుంది. చిరునామా వేరు కాబట్టి అది నోరు మెదపలేదు. నాకన్నా ముందు ఫోన్‌కి తెలిసింది. అప్పట్నుంచి పాస్‌వర్డ్ తనంతట తాను రాకపోతే దాన్ని ఫోన్ మొరాయింపు అనుకోవడం మానేశాను.

ఇప్పుడు కాగితం రూపం సంగతి. లెటర్‌హెడ్, మూడు సింహాల ముద్ర, గుండ్రటి స్టాంపు, వీటికి విలువ లేదని అందరికీ తెలిసిపోయింది. కానీ "డిజిటల్లీ సైన్డ్ బై" అని, పక్కన పచ్చ టిక్ ఉంటే ఇంకా నమ్మేస్తున్నారు. తమాషా ఏమిటంటే, అసలు పత్రాల మీద తరచుగా కనపడేది పచ్చ టిక్ కాదు, పసుపు రంగు ప్రశ్నార్థకం. ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసి తెరిస్తే "వాలిడిటీ అన్‌నోన్" అంటుంది. దొంగ పత్రం అనుకుని కంగారుపడి నా దగ్గరకు వచ్చినవాళ్లున్నారు. మన దేశపు సర్టిఫికెట్లకు మూలమైన సీసీఏ ఇండియా పేరును మీ కంప్యూటర్లోని అడోబ్ రీడర్ ఇంకా గుర్తించలేదు, అంతకుమించి దానికి అర్థం లేదు. ఆ ప్రశ్నార్థకం మీద నొక్కి, సిగ్నేచర్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో, పై వరసలో సీసీఏ ఇండియా ఉందో లేదో చూసి, నమ్మకమైనదిగా చేర్చుకుంటే అప్పుడు పచ్చ టిక్ పడుతుంది.

దొంగ పత్రంలో టిక్ ముందే పడి ఉంటుంది, ఎందుకంటే అది బొమ్మ. దాని మీద నొక్కితే ఏమీ తెరుచుకోదు. పీడీఎఫ్‌లో అసలైన సంతకం నొక్కితే వివరాలు చెబుతుంది. ఈ పరీక్ష కంప్యూటర్లో చేయాలి. ఫోన్లో పీడీఎఫ్ చూపించే చాలా యాప్‌లు సంతకాన్ని బొమ్మలాగే చూపిస్తాయి. ఇక ప్రింట్ తీస్తే ఆ కాగితం మీద డిజిటల్ సంతకం బతకదు. మిగిలేది సిరా. అయినా మనం ప్రింట్ తీసి, దాని మీద మళ్లీ గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించి ఫైల్లో పెడుతుంటాం. మన ఆఫీసుల మహిమ అది. ఇంకో మాట: ఇన్ని పరీక్షలూ పాసైన సంతకం కూడా ఎవరు చేశారో, తర్వాత కాగితం మారిందో లేదో మాత్రమే చెబుతుంది. లోపల రాసింది న్యాయమో కాదో చెప్పదు.

భయపెట్టడానికి వచ్చే కాగితాల జాతి వేరు. ఇన్‌కంటాక్స్ నోటీసైతే 2019 అక్టోబరు నుంచి ప్రతిదానికీ డిన్ అనే గుర్తింపు నెంబరు ఉండాలి. ఈ-ఫైలింగ్ పోర్టల్లో లాగిన్ కాకుండానే ఆ నెంబరు వేసి అసలుదో కాదో చూసుకోవచ్చు. ఒక్క నిమిషం పని. పోలీసు నోటీసు వాట్సాప్‌లో వచ్చి "విచారణకు రాకపోతే అరెస్టు" అంటే గుర్తుంచుకోండి, హాజరు కమ్మనే నోటీసును వాట్సాప్‌లోనో మెయిల్లోనో ఇవ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. వీడియో కాల్లో కూర్చోబెట్టి "విచారణ పత్రం" మీద ఈ-సైన్ చేయమనడం దాని కొత్త వేషం.

పెళ్లిళ్ల సీజన్లో వచ్చే శుభలేఖ ఇంకోటి. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, యాప్. ట్రాఫిక్ చలానా, పీఎం కిసాన్ జాబితా, బ్యాంకు కేవైసీ, ఏ పేరు పెట్టినా అంతే. శుభలేఖ తెరుచుకుంటుంది గానీ ఇన్‌స్టాల్ అవ్వదు. అది ఎక్కాక మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటుంది. అప్పుడిక మిమ్మల్ని ఓటీపీ చెప్పమని బతిమాలాల్సిన అవసరం కూడా ఉండదు, వాళ్లే చదువుకుంటారు. అంటే పంటు మీద పెద్దాయనకు జరిగిందే, అరుపు లేకుండా. పంపింది మేనమామ నెంబరైనా సరే. ఆయన ఫోన్ ముందే అలాంటి యాప్ బారిన పడి ఉంటుంది.

చేయి జారితే మొదట చేయాల్సింది సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్. డబ్బు ఇంకా ఖాతాల్లో తిరుగుతుండగా ఆపగలిగేది ఆ మొదటి గంటల్లోనే. తర్వాత బ్యాంకు, రాతపూర్వకంగా. మూడు పనిదినాల్లోపు చెబితే నష్టం మీ మీద పడదని రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన లెక్క ఒకటుంది గానీ, అది మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన మోసానికి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, ఫిర్యాదు ఇచ్చేదాకా పోయింది మీ ఖాతాలోనే రాస్తారు, ఆ తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే ఫిర్యాదు టైము ముఖ్యం. మెయిల్ పాస్‌వర్డ్ పోయిందనుకుంటే మార్చడంతో సరిపోదు. అన్ని పరికరాల నుంచి లాగౌట్ చేసి, ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ చూడాలి. దొంగను గెంటేసినా వాడు తవ్విన తూము అలాగే ఉంటే మీ ఉత్తరాలు పారుతూనే ఉంటాయి. తెలియని అప్పు మీద సంతకం పడిందనుకుంటే ఆ ఫైనాన్స్ కంపెనీకి అదే రోజు రాసి, ఫిర్యాదు కాపీ జతచేయండి. సిగ్గుపడి నాలుగు రోజులు దాచుకున్నవాళ్ల కేసులే నాకు కష్టమయ్యాయి.

ఇంత చెప్పాక మా వృత్తి సంగతి దాచిపెడితే బాగుండదు. కంపెనీల రిటర్నులకు, టెండర్లకు వాడే డిజిటల్ సంతకం చిన్న పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్‌లో ఉంటుంది. డాంగిల్ అంటారు మా దగ్గర. చట్టం ప్రకారం దాన్ని జాగ్రత్త చేసుకోవాల్సింది ఎవరి పేరున ఉందో వాళ్లే. నిజంగా అవన్నీ ఎక్కడుంటాయంటే మాలాంటివాళ్ల సొరుగుల్లో. రబ్బరు బ్యాండు వేసి, పేరు రాసిన చీటీ కట్టి, చాలావాటికి పిన్ 12345678. ఊరందరి ఖాళీ ప్రోనోట్లూ సంతకాలతో సహా నా బల్లలో పెట్టుకుని, పంటు మీద పెద్దాయనకు ఓటీపీ పాఠం చెప్పాను.

ఆ వారమే కూర్చుని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. పిన్ మార్పించి, ఎవరి డాంగిల్ వాళ్లకు ఇచ్చేశాను. రిటర్ను వేసే రోజు తెచ్చి, పక్కన కూర్చుని, స్క్రీన్ చూసి పిన్ వాళ్లే కొట్టాలన్నాను. సగం మంది విసుక్కున్నారు. ఒక రైసుమిల్లు ఆయన మాత్రం కవరు బల్ల మీదే వదిలేసి లేచారు. "మీ దగ్గరుంటేనే ధైర్యమండి, ఇంట్లో పెడితే పిల్లలు పారేస్తారు" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి చేతిలో పెట్టి వచ్చాను. మర్నాడు గుమాస్తాతో వెనక్కి పంపారు, పిన్ కవరు మీద రాసి మరీ.